ఇతర సౌకర్యాలు: లేవు

ఆ నివేదిక ఇప్పటికీ ఏ బొంబాయి బీరువాలోనో ఉండే ఉంటుంది. దాని చివర ఒక అనుబంధం ఉంటుంది. బంగారు గనిలో సీనియర్ అధికారుల జీతాలు, హోదా వారీగా, అడ్డంగా టైపు చేసిన పట్టిక. ఆ పట్టిక నేను తయారు చేసింది. కింద సంతకం మా పర్సనల్ మేనేజరుది. ‘తయారు చేసినవారు’ అన్నచోట ‘కార్యాలయం’ అని ఉంటుంది. నెల రోజులు కాగితాల మీద వంగి మెడ పట్టేసింది నాకు, పేరు కార్యాలయానికి. పట్టికలో తప్పు ఉందని నేనే బయటపెట్టినప్పుడు మాత్రం మేనేజరు మెమోలో నా పేరు ఇంటిపేరుతో సహా రాయించాడు. ఆ మెమో నా దగ్గర ఉంది.

గనులు ప్రభుత్వం చేతికి వచ్చి అప్పటికి చాలా ఏళ్ళయింది. మా తాత చిత్తూరు వైపు పల్లె నుంచి ఈ కన్నడ సీమకు వచ్చి దొరల కంపెనీలో రాయి కొట్టాడు. మా నాన్న గని లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేశాడు. నేను పే సెక్షన్‌లో కుర్చీలో కూర్చున్నాను. గని కార్మికుల కాలనీ కోరమండల్‌లో నాన్నకిచ్చిన క్వార్టర్సే తరువాత నా పేరు మీదికి మారింది. పెళ్ళయిన ఆరో ఏడు నా భార్య పోయింది. పిల్లలు లేరు. కర్మ రోజు వచ్చిన బంధువులు భోజనం సరిగా లేదని అనుకుంటూ వెళ్ళారు, మళ్ళీ ఆ గడప తొక్కలేదు. తొక్కమని నేనూ అడగలేదు. ఆ తరువాత నాతో రోజూ మాట్లాడిన మనిషి ఒక్కడే.

వాడూ నేనూ బడిలో ఒకే బెంచీ. వాడి నాన్న మాస్తి అనే ఊరి నుంచి వచ్చి మా బడిలో లెక్కలు చెప్పేవాడు. ఆఖరి ఏడాది లెక్కల్లో నాకే ఎక్కువ మార్కులు వచ్చాయి. బహుమతి మాత్రం పంతులు కొడుక్కి ఇచ్చారు. ఈ మాట నేను వాడికి ముప్ఫై ఏళ్ళలో ఎన్నిసార్లు గుర్తు చేశానో లెక్కలేదు. “ఆ పుస్తకం నీకే ఇచ్చేస్తాను తీసుకో,” అని నవ్వేవాడు. ఇవ్వలేదు.

వాడు గనుల ఇంజనీరింగ్ చదివి తిరిగి ఇక్కడికే వచ్చాడు. మెల్లగా వెంటిలేషన్ ఆఫీసరు అయ్యాడు. రెండు మైళ్ళ లోతున పనిచేసే మనుషులకు గాలి అందేలా చూడటం వాడి పని. క్లబ్బుకు అవతల, పెంకుల కప్పు, చుట్టూ వరండా ఉన్న బంగళాలో ఉండేవాడు. ఆఫీసులో నాకు వాడు సారు. సాయంత్రం మాత్రం ఆండర్సన్‌పేటలో ఒక టీకొట్టుకు నడిచి వచ్చేవాడు. అక్కడ బెంచీ మీద మళ్ళీ బడి పిల్లలమే. వాళ్ళావిడకు ఇది నచ్చేది కాదు. ఒక దీపావళికి నేను వాళ్ళింటికి వెళితే నాకు స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చి, తరువాత వచ్చిన ఇంజనీరుకు పింగాణీ కప్పులో ఇచ్చింది. మళ్ళీ ఆ ఇంటికి నేను వెళ్ళలేదు.

అణు కేంద్రాల భద్రతను తనిఖీ చేయడానికి కేంద్ర ప్రభుత్వం ఒక సంస్థను పెట్టింది. అప్పటికి అది కొత్త. రియాక్టర్లే కాక యురేనియం గనులు కూడా దాని కిందికే వస్తాయి. ఆ గనుల్లో రాతిలోంచి ఒక వాయువు ఊరుతుంది. కనపడదు, వాసన ఉండదు, ఊపిరితిత్తులను తినేస్తుంది. దాన్ని బయటికి తోలాలంటే లోతు గనుల గాలి సంగతి తెలిసినవాళ్ళు కావాలి. అలాంటివాళ్ళు దేశంలో కొద్దిమందే, అందులో ఎక్కువమంది మా దగ్గరే. ప్రభుత్వ జీతానికి వాళ్ళు ఉన్నచోటు వదిలి రారు. అందుకని సీనియర్ పోస్టులకు ఎంతిస్తే మంచివాళ్ళు వస్తారో తేల్చడానికి ఆ సంస్థ ఒక కమిటీ వేసింది. కమిటీ అన్ని ప్రభుత్వ కంపెనీలకూ ఉత్తరాలు రాసింది, మీ పెద్ద అధికారులకు ఏమిస్తున్నారో చెప్పండని. మాకు వచ్చిన ఉత్తరాన్ని మేనేజరు నా బల్ల మీద పడేసి, “నువ్వే చూసుకోప్పా. గీతలు గీసేదంటే నీకు ఇష్టం గదా,” అన్నాడు. పక్క బల్లల వాళ్ళు నవ్వారు.

ఆ వారమే టీకొట్టులో వాడన్నాడు. “నాకూ ఒక కాగితం వచ్చిందిరా. అప్లై చెయ్యమని.”

“యాడనుంచి?”

“ఆ అణు భద్రత వాళ్ళే. బొంబాయిలో ఆఫీసు. పెద్ద పోస్టు.”

“పోతావా?”

“పోవాలనే ఉండాది. ఈ పాత ఫ్యాన్లకు అతుకులు ఏసుకుంటా రిటైరు అయ్యేదాకా కూచోమంటావా? నేను అడిగిన ఒక్క మోటారు కొనిచ్చినారా? ఇంగ రెండేండ్లు పోతే నన్ను ఎవురూ పిలవరు. వయసైపోతాది.”

నేను ఇంకో టీ చెప్పాను.

“జీతమే తేల్లేదు ఇంగా,” అన్నాడు. “తేల్చేది నువ్వే గదా.”

“నేను యాడ తేల్చేది? రాసి పంపేదంతే.”

“నువ్వు రాసిన దాని మీద ఒక మెట్టు ఎక్కువ ఇస్తారంట. చూసి రాయి.”

“ఉండేది ఉన్నట్టు రాస్తా.”

“నీతో ఇదే కష్టంరా. ఉన్నది కూడా పిసినారిగా చెప్తావు.”

ఇంటికి నడుస్తూ వాడు లేని సాయంత్రం ఎలా ఉంటుందో ఆలోచించాను. దారిలో, బంగారం తీశాక మిగిలిన రాతిపొడి పోసిన సయనైడ్ దిబ్బల మీంచి దుమ్ము లేస్తోంది. కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని నడిచాను. ఆలోచన ఎటూ తెగలేదు.

కమిటీ పంపిన పట్టికలో గడులు ఇలా ఉన్నాయి: మూల వేతనం, కరువు భత్యం, గని లోపలికి దిగినందుకు ఇచ్చే భత్యం, బోనసు. ఆఖరి గడి ‘ఇతర సౌకర్యాలు’. మొదటి నాలుగూ పే సెక్షన్ రికార్డులోంచి ఎత్తి రాశాను. ఒక్కో అంకె రెండుసార్లు సరిచూశాను. ఆఖరి గడిలో ప్రతి హోదాకూ ‘లేవు’ అని రాశాను.

ఇది ఎందుకు రాశానో బయటివాళ్ళకు అర్థం కాదు, మా ఊరివాళ్ళకు ఎవరికైనా అర్థమవుతుంది. దొరల కాలం నుంచి మా దగ్గర ప్రతి బంగళాకూ ఒక నంబరు. తోటమాలి, కరెంటు, నీళ్ళు, వంటచెరకు, ఏడాదికోసారి సున్నం, ఇవన్నీ ఎస్టేట్ ఆఫీసులో బంగళా పుస్తకంలో ఆ నంబరు కింద రాస్తారు. లోపల ఉండే మనిషి పేరు అందులో ఉండదు. అధికారులు వస్తారు, పోతారు, బంగళా తిండి బంగళాది. ఆ పుస్తకం ఎప్పుడూ పే సెక్షన్‌కు రాలేదు. మేమూ అడగలేదు. నా క్వార్టర్సుకు కూడా నెలకు కోసుకునే అద్దె ఒక టీ ఖరీదంత. దాన్ని ఇల్లు ఇచ్చారని మేం ఏనాడూ అనుకోలేదు. గనిలో పనుంటే ఇల్లుంటుంది, అంతే. జీతమెంత అని ఒకరినొకరు అడిగితే, చేతిలో పడేది ఎంత అని. నాకు ముందు పే సెక్షన్ నడిపిన ముగ్గురు సూపరింటెండెంట్లు ఆ గడి నింపినా ‘లేవు’ అనే రాసి ఉండేవాళ్ళు.

కమిటీ తరఫున ఒక అధికారి వచ్చాడు. కోస్తా మనిషి, చల్లగా మాట్లాడేవాడు. హెడ్డాఫీసులో పెద్ద బల్ల చుట్టూ సమావేశం. బల్ల చుట్టూ మెత్తల కుర్చీలు. నాకు గోడ పక్కన టైపిస్టు కూర్చునే స్టూలు. సీనియర్ సాంకేతిక అధికారుల తరఫున వాడూ వచ్చి మెత్తల కుర్చీలో కూర్చున్నాడు.

“చూడండి, మా వాళ్ళు తనిఖీకి వెళతారు,” అన్నాడు ఆ అధికారి. “అక్కడ ప్లాంటు మేనేజరుకు మావాడి కంటే రెట్టింపు జీతం ఉంటే, మావాడు ఆపమన్నంత మాత్రాన అతను ఆపుతాడాండీ? కుర్చీ కూడా వెయ్యడు.”

ఆ మాట నాకు నచ్చింది. కుర్చీ సంగతి తెలిసినవాడు అనుకున్నాను.

కరువు భత్యం గురించి ఆయన ఏదో అడిగితే మేనేజరు తడబడ్డాడు. నేను స్టూలు మీంచే జవాబు చెప్పాను. ఆయన వెనక్కి తిరిగి, “ఈయన ఎవరండీ?” అన్నాడు. మేనేజరు నోరు తెరిచే లోపల వాడు అన్నాడు: “మా పే సెక్షన్ ఆయన.”

అంతే అన్నాడు. మళ్ళీ కాగితాల్లోకి తల దించుకున్నాడు.

ఆ అధికారి పట్టిక చూసి ఆశ్చర్యపోయాడు. “ఇంత పెద్ద గని, ఇంతేనా ఇస్తున్నారు? అయితే మా పని సులువే.” లేచేముందు నా వైపు చూసి, “మీ తెలుగు భలే తమాషాగా ఉందండీ, సగం కన్నడం, సగం అరవం,” అన్నాడు. అందరూ నవ్వారు. వాడి తెలుగూ అదే తెలుగు. వాడూ నవ్వాడు.

సాయంత్రం అడిగాను. “పే సెక్షన్ ఆయన అంటివే?”

“ఇంగేమనాల? నా సావాసగాడు అంటే, పట్టిక వీని సావాసగాడు చేసినాడంట అని అనుమానపడరా? నీ మంచికే చెప్పినా.”

న్యాయంగానే ఉంది ఆ మాట. న్యాయంగా ఉన్నంత మాత్రాన మింగుడు పడాలని లేదు.

నెలలు గడిచాయి. ఒక ఆదివారం పొద్దున వాడు కోరమండల్‌లో మా ఇంటి ముందుకు వచ్చాడు. ఎప్పుడూ వచ్చేవాడు కాదు. చేతిలో నా పట్టిక నకలు, ఇంకో ఉత్తరం ఉన్నాయి. లోపలికి రమ్మంటే రాలేదు.

“ఈ ఆఖరి గడి ఎవురు నింపినారు?”

“నేనే.”

“లేవు అని రాసినావు. నేనుండే బంగళా ఏంది? కరెంటు ఏంది? తోటమాలి ఏంది?”

“అది బంగళాది.”

“దాంట్లో ఉండేది నేనే గదరా.”

“నీ స్లిప్పులో లేదు. స్లిప్పులో లేనిది జీతమెట్లయితాది?”

వాడు ఉత్తరం చూపించాడు. పోస్టు ఇచ్చారు. జీతం నా పట్టిక కంటే ఒక మెట్టు పైనే ఉంది. ఇల్లు లేదు, ఇంటికి బదులు భత్యం లేదు. మీ గనిలోనే లేనప్పుడు మేమెందుకు ఇవ్వాలి అన్నది వాళ్ళ లెక్క. బొంబాయిలో ఆ జీతంతో ఇల్లు తీసుకుంటే ఇద్దరు పిల్లల చదువుకు మిగలదని వాళ్ళావిడ తేల్చి చెప్పిందట.

“ఎందుకు రాసినావో నాకు తెలుసు,” అన్నాడు. “నేను పోతే నీకింగ ఎవురూ లేరు. అందుకే రాసినావు.”

పక్కింటామె చీపురు ఆపి చూస్తోంది.

“ఆ మాట వెనక్కి తీసుకో,” అన్నాను.

“తీసుకోను. నువ్వు లెక్కలో తప్పు చేసే మనిషివి కాదు. చేస్తే కావాలనే చేస్తావు.”

వెళ్ళిపోయాడు. నేను తలుపు వేసుకున్నాను.

ఆ నింద గురించి ఇన్నేళ్ళూ నన్ను నేనే విచారణ చేసుకున్నాను. ‘లేవు’ అని రాసినప్పుడు నా మనసులో ఏ ఆలోచనా లేదు. ఏ దేవుడి ముందైనా చెబుతాను. కానీ వాడు గుమ్మం ముందు నిలబడి జీతం చాలదని చెప్పినప్పుడు, కోపం రావడానికి ముందు, నాకు హాయిగా అనిపించింది. నెత్తి మీది మూట దించినప్పటి హాయి. ఒక బస్సు మన ముందు నుంచి వెళ్ళేంతసేపే ఉండి మాయమైంది. అది దాచను. అయితే అది వచ్చింది తరువాత, రాసినప్పుడు కాదు. తరువాత వచ్చినదానికి ముందు చేసిన పని మీద నేరం మోపడం ఏ ధర్మమో నాకు ఇప్పటికీ తెలియదు.

సోమవారం ఎస్టేట్ ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి ముసలి గుమాస్తా తమిళ కుటుంబం వాడు, మా తెలుగే మాట్లాడేవాడు. బంగళా పుస్తకం చూపించమంటే కళ్ళజోడు తీసి నన్ను చూశాడు.

“పే సెక్షన్ నుంచి దీన్ని అడిగినోడు నువ్వే మొదలు సామీ. నీకెందుకు ఇది?”

“జీతంలో చూపించాల.”

“ఇది జీతమా? మనిషికి జీతం, బంగళాకు మేత. రెండూ ఒకటి ఎట్లయితాయి?”

“మనిషి లేకుండా బంగళా మేస్తాదా?”

ఆయన కళ్ళజోడు పెట్టుకుని పుస్తకం నా వైపు తిప్పాడు. వాడి బంగళా నంబరు కింద పేజీ నిండా ఉంది. ఎలుకల మందు, బావి గిలక తాడుతో సహా రాసి ఉంది. చదువుతూ పోతుంటే ఇంకో జీతమే కనిపించింది, స్లిప్పులో ఎక్కని జీతం. తప్పు నాదే. కావాలని చేసిన తప్పు కాదు, అయినా తప్పే. తప్పు ఉన్న కాగితాన్ని నా పేరు లేకపోయినా అలా వదిలేయడం నా వల్ల కాదు.

మేనేజరు దగ్గరికి దిద్దుబాటు ఉత్తరం పట్టుకెళ్ళాను. “పోయిన కాగితం పోయింది. తప్పు మనదేనని మనమే తమటె కొట్టి ఊరంతా చాటుకుంటామా?” అని చించేశాడు. రెండో ఉత్తరం నేరుగా కమిటీకి రాశాను. దానికి మెమో వచ్చింది, ఆ ఏడాది నా ఇంక్రిమెంటు ఆపేశారు. మూడోది బంగళా పుస్తకం నకళ్ళు జతచేసి రాశాను. ముసలి గుమాస్తా ప్రతి పేజీ కింద సరిచూశానని సంతకం పెట్టాడు. ఉత్తరంలో నేను ఎవరి పేరూ ఎత్తలేదు. ‘లోతు గనుల సీనియర్ అధికారులు’ అనే రాశాను. ఇప్పుడు నిర్ణయించిన జీతానికి మీకు దొరికేది వదులుకోవడానికి ఏమీ లేనివాళ్ళే, అలాంటివాళ్ళ చేత రియాక్టర్లు తనిఖీ చేయించుకుంటారా అని ముగించాను. అంతకంటే మంచి వాక్యం నేను మళ్ళీ రాయలేదు.

ఆ నెలలన్నీ వాడు టీకొట్టుకు రాలేదు. నేను కొన్నాళ్ళు వెళ్ళాను. కొట్టువాడు రోజూ “ఏమప్పా, సారు రాలేదా?” అని అడిగేవాడు. ఆ ప్రశ్న పడలేక మానేశాను. శనివారం మధ్యాహ్నం ఆఫీసు మూశాక మళ్ళీ సోమవారం హాజరు పుస్తకంలో సంతకం పెట్టేదాకా నా గొంతు నాకే వినపడేది కాదు. ఒకసారి సోమవారం పొద్దున ప్యూను నమస్తే అంటే తిరిగి నమస్తే అనడానికి గొంతు పెగల్లేదు, దగ్గాల్సి వచ్చింది. పొద్దున వండిన అన్నమే సాయంత్రానికి. షిఫ్టు సైరన్ విని టైము తెలుసుకునేవాణ్ణి, ఆ టైముతో నాకు పనేమీ లేకపోయినా.

నా ఉత్తరానికి నాకు జవాబు రాలేదు. సవరించిన పట్టిక పంపమని మేనేజరుకు కమిటీ ఉత్తరం వచ్చింది. ఆయన దాన్ని నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. ఈసారి ఆఖరి గడి నిండా రాశాను. కొన్నాళ్ళకు ఆ సంస్థ సీనియర్ పోస్టులకు ఇల్లు గానీ ఇంటికి తగిన భత్యం గానీ, వైద్యం, కరెంటు కలిపి కొత్త జీతం ప్రకటించింది. వాడికి మళ్ళీ పిలుపు వచ్చిందన్న సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. వాడి రాజీనామా పత్రం పే సెక్షన్‌కు వచ్చినప్పుడు తెలిసింది.

కంపెనీ వదిలే మనిషి అన్ని సెక్షన్లలో బాకీ లేదని సంతకాలు తీసుకోవాలి. ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళిన వేళ వాడు ఆ ఫారం పట్టుకుని నా బల్ల ముందుకు వచ్చాడు. ఆస్పత్రి, లైబ్రరీ, క్లబ్బు సంతకాలు అయిపోయాయి. ఇంకా నాదీ, గనిలోకి దిగేవాళ్ళకు దీపాలిచ్చే గదిదీ మిగిలాయి.

“సంతకం కావాల,” అన్నాడు.

కూర్చోమని నేను అనలేదు. తనే కూర్చుంటాడనుకున్నాను. కూర్చోలేదు. పండగ అడ్వాన్సు చూశాను, ఏమీ లేదు. లేదని తెలిసినా రిజిస్టరు మొదటి నుంచి తిప్పాను.

“ఆ ఉత్తరాలు నువ్వే రాసినావంట.”

“ఎవురు చెప్పినారు?”

“ఎస్టేట్ ఆయన. ఇంక్రిమెంటు నిలిపేసినారంట గదా.”

“అది నా పంచాయితీ.”

“నా కోసం రాసినావా?”

“లేదు. తప్పుండింది, దిద్దినా.”

వాడు కిటికీ వైపు చూశాడు. ‘ఆ ఆదివారం నేనన్నది తప్పురా’ అని వాడు అంటే, ఏం జవాబు చెప్పాలో నెలల తరబడి మనసులో దిద్దుకుని పెట్టుకున్నాను. మెత్తని జవాబే. వాడు ఆ మాట అనలేదు. నేను సంతకం పెట్టి ఫారం ఇచ్చాను.

“దీపాల గది ఇప్పుడు యాడికి మార్చినారు?” అన్నాడు.

వర్క్‌షాపు వెనక అని చేత్తో చూపించాను. నడిస్తే రెండు నిమిషాలు. లేచి వెంట వెళ్ళొచ్చు. లేవలేదు. వాడు గుమ్మం దాకా వెళ్ళాక ఫారంలో ఒక గడి ఖాళీగా ఉన్నట్టు గుర్తొచ్చి పిలిచాను. పేరు పెట్టి పిలిచాను. వాడు గబగబా వెనక్కి వచ్చాడు. ఆ నాలుగు అడుగులూ వాడి ముఖం బడి రోజుల ముఖంలా ఉంది.

“అడ్రసు రాయలేదు,” అన్నాను. “ప్రావిడెంట్ ఫండుకు కావాల.”

“ఓ,” అన్నాడు. చెప్పాడు. నేను రాసుకున్నాను. బొంబాయిలో ఏదో కాలనీ, బ్లాకు నంబరు, మూడో అంతస్తు. రాయడం అయిపోయాక అంకెలు తిరిగి చదివి వినిపించాను. తరువాత వాడు వెళ్ళాడు.

వాడు యురేనియం గనుల తనిఖీకి వెళితే అక్కడి మేనేజర్లు లేచి నిలబడి కుర్చీ వేస్తారని తరువాత ఎవరో చెప్పారు. వెయ్యాలి మరి. జీతం సరిగ్గా కట్టారు. మా గనులు మూతపడ్డాయి, నాకు రావలసింది ఇచ్చి పంపారు. నేను కోరమండల్‌లోనే ఉన్నాను. ఆ అడ్రసు చూడకుండా చెప్పగలను. ఒకటి రెండుసార్లు పోస్టు కార్డు కొన్నాను కూడా. కానీ గుమ్మం ముందు నిలబడి ఆ మాట అన్నది వాడు, నేను కాదు. ముందు రాయవలసింది వాడే.